అభ్యాస చిత్రణము నేర్పిన పాఠములు



ప్రకటన మన యిండ్లకు నిన్న మొన్న వచ్చిన చుట్టము కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించి, సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఊరకయే పంచిపెట్టించిరని ప్రసిద్ధి. 1928లో గృహలక్ష్మి పత్రికను స్థాపించిన డాక్టరు కె. ఎన్. కేసరిగారి ‘లోధ్ర’ ప్రకటన ఆ దినములలో చదువు నేర్చిన గృహిణులకు సుపరిచితము. 1976లో దూరదర్శనమున వ్యాపార ప్రకటనలు మొదలు కాగా, ప్రకటన అక్షరము రానివారి కన్నులకు సైతము అందెను. నేడది సెల్ ఫోనులో చేరి మన యరచేతనే కూర్చున్నది.

ఇంతకాలము మనము ప్రకటనలను చూచువారమే కాని తీయువారము కాము. ఇప్పుడా భేదమును తొలగిపోవుచున్నది. కళాశాలలలో చదువు మన యాడుపిల్లలకు వీడియో ప్రకటన తీయుట పాఠములో నొక భాగమగుచున్నది. వంటయిల్లే వారికి రంగస్థలము, అత్తయ్యలును అమ్మమ్మలును నటీమణులు, చేతిలోని ఫోనే కెమెరా. కావున అట్టి ప్రకటనకు ముందు జరిగిన యొక అభ్యాస చిత్రణమును గూర్చి ఈ నెల వ్రాయదలచితిని. అందు తేలిన పాఠములు తీయు పిల్లలకే కాక చూచు తల్లులకును పనికివచ్చును.

విజయవాడలో డిగ్రీ చదువుచున్న నా మేనకోడలికిని, ఆమె స్నేహితురాండ్రు నలుగురికిని వారి యుపాధ్యాయిని 30 సెకనుల ప్రకటన నొకదానిని తీసికొని రమ్మనిరి. అది వస్తువు నమ్ము ప్రకటన కారాదు, జనులకు మేలు చెప్పునది కావలెనని నియమము. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగరు మొదలగు పేటలు మునిగినపుడు త్రాగునీటికై జనులు పడిన పాట్లను ఆ పిల్లలు మరువలేదు. నీరు చెడినచోట విరేచనములు వ్యాపించును. అందు పసిపిల్లల ప్రాణమునకే ముప్పు. కావున ఓ.ఆర్.ఎస్. పొడిని నీట కలిపి బిడ్డకు పట్టించు విధమును చూపవలెనని వారు నిశ్చయించుకొనిరి.

ఉపాధ్యాయిని మరి రెండు నియమములను విధించిరి. అసలు చిత్రణమునకు ముందు ఒక దినమంతయు అభ్యాసముగా తీసి చూచుకొనవలెను. ఆనాడు తీసిన దేదియు ప్రకటనలో చేర్చరాదు. ఇది మొదటిది. అట్లు తీసినదానిని, విషయ మెరుగని యొకరికి మాటలు వినబడకుండ చూపి, వారికేమి బోధపడెనో అడిగి వ్రాసికొనవలెను. ఇది రెండవది. పిల్లలకు ఈ రెండును వ్యర్థ ప్రయాసములుగా తోచెను. “తీసినదే మరల తీయుట యెందుకు, అత్తయ్యా?” అని నా మేనకోడలు విసుగుకొనెను. మా వంటయింటికి తూర్పు కిటికీ యున్నదని వారు ఒక ఆదివారము ఉదయమున మా యింటికే వచ్చిరి గనుక, జరిగినదంతయు నేను చూచుట తటస్థించెను.

నిజమునకు ఇట్టి యభ్యాసము మన యిండ్లలో లేకపోలేదు. అప్పడముల పిండి కలిపి, ముందుగా ఒక్క అప్పడమును వేయించి ఉప్పు కారములు చూచుకొని, పిదపనే మిగిలిన పిండి వత్తుదుము. రంగుచీరను నీట ముంచుటకు ముందు కొంగు మూల తడిపి చూతుము. పాడైనను పోవునది ఒక్క అప్పడమే, వెలసినను వెలయునది కొంగు మూలయే. పెద్ద నష్టమును చిన్న నష్టముతో కొనివేయుట యిందలి రహస్యము. అభ్యాస చిత్రణమును అట్టిదే.

కాగితము, గడియారము

పిల్లలు వ్రాసికొని వచ్చిన మాటలు చక్కగా నుండెను. తల్లి, బిడ్డ, అమ్మమ్మ మాటలాడుకొందురు. చివర నొక నీతివాక్యము. కాని గడియారము పెట్టి చదువగా 52 సెకనులు పట్టెను. మనసులో చదువుకొన్నపుడు ముప్పది సెకనులుగా తోచినది నోటితో పలుకునప్పటికి ఇనుమడించెను. పలుకు మాటకు ఊపిరి కావలెను, బిడ్డ ముఖము వైపు చూచుటకు విరామము కావలెను. తొందరగా పలికి ముగింతమని ఒక పిల్ల సూచించెను. పలికి చూడగా అది రైలు తప్పిపోవుచున్నవారి మాటవలె వినబడెను. చివరకు నీతివాక్యమును, అమ్మమ్మ మాటలలో సగమును కొట్టివేసిరి. ఇరువదిరెండు దృశ్యములని వ్రాసికొన్న పట్టిక తొమ్మిదింటికి దిగెను. 30 సెకనులలో ఒక్క సంగతి చెప్పవచ్చును. రెండు చెప్పబోయిన రెండును మిగులవు.

ఫోనును నిలువుగా పట్టుటయా, అడ్డముగా పట్టుటయా యనునదియు ముందే తేల్చుకొనవలసిన విషయమే. చేతి ఫోనులో చూచువారికి నిలువు అనుకూలము. తరగతిగదిలో తెరపై చూపుటకు అడ్డము. ఆ ఉదయము మొదటి రెండు దృశ్యములు నిలువుగను, మూడవది అడ్డముగను తీయబడెను. రెంటిని అతుకబోగా, చాలని గుడ్డతో రవిక కుట్టినట్లయ్యెను.

వెలుగు

కిటికీ ముందు తల్లిని నిలువబెట్టి, ఎదుటనుండి తీసిరి. కిటికీ తెల్లగా వెలిగెను, తల్లి ముఖము నల్లగా మాడెను. మన కన్ను వెలుగును నీడను ఒక్కమారే చూచి సర్దుకొనగలదు. కెమెరాకు అంత శక్తి లేదు. ఏది మిక్కిలి వెలుగుచున్నదో దానికి తగినట్లు తన చూపును కుదించుకొనును. తల్లిని ప్రక్కకు త్రిప్పి, కిటికీ వెలుగు చెక్కిలిమీద పడునట్లు నిలుపగా ముఖము తేటపడెను. రెండవ చెక్కిలి చీకటిగా నున్నదని, ఎదుట నొక తెల్లని దుప్పటి పట్టిరి. దానిమీద పడిన వెలుగు తిరిగి వచ్చి నీడను పలుచన చేసెను. దీనికి కాసు ఖర్చు లేదు.

తరువాత ట్యూబులైటు వేసిరి. అంతట ముఖమున ఒకవైపు ఒక రంగు, మరియొకవైపు వేరొక రంగు కానవచ్చెను. సూర్యుని వెలుగును దీపపు వెలుగును ఒకే వన్నె గలవి కావు. అంతకంటె చిత్రమేమన, వీడియోలో గోడ సన్నగా అదరుచున్నట్లు కనబడెను. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో వచ్చును. అందుచే కొన్ని దీపములు సెకనుకు 100 మారులు హెచ్చి తగ్గుచుండును. మన కంటి కది తెలియదు. ఫోను సెకనుకు 30 చిత్రములు తీయునట్లు అమర్చియుండగా ఆ లెక్కకును దీపపు లెక్కకును పొత్తు కుదురక ఈ యదురు పుట్టెను. 25 చిత్రములకు మార్చి, ఒక్కొక్క చిత్రమునకు సెకనులో ఏబదియవ వంతు కాలము నియమింపగా గోడ నిలిచెను. అసలు దినముననే ఈ సంగతి బయటపడియుండిన, ఆ పూటంతయు గోడ నదిలించుటతోనే గడచిపోయెడిది.

చప్పుడు

మన యిండ్లు ఎంత చప్పుడు చేయునో మనకు తెలియదు. అలవాటుపడిన చెవి దానిని వినుట మానివేయును. మైకు మానదు. తల్లి మృదువుగా పలికిన మాటల వెనుక పంకా గాలి, ప్రక్కింటి మిక్సీ, వీధిలో కూరగాయల బండివాని కేక, కుక్కరు కూత, అన్నిటికి క్రింద ఫ్రిజ్ మూలుగు వినబడెను. పంకా కట్టిరి. మిక్సీ ఆగువరకు వేచియుండిరి. ఫ్రిజ్ కూడ కట్టవలసి వచ్చెను. అది కట్టి మరచిపోయినచో పాలు విరిగిపోవును గదా! దీనికి చిత్రణము చేయువారిలో ఒక పాత యుపాయము కలదట. ఇంటికి పోవుటకు కావలసిన బండి తాళపుచెవిని ఆ ఫ్రిజ్‌లోనే పెట్టుదురు. దానికై తలుపు తీసినపుడు ఫ్రిజ్ సంగతి జ్ఞప్తికి వచ్చును. నా మేనకోడలు తన స్కూటరు తాళము అందుంచగా చూచి, ఇది ఏ గృహిణి కనిపెట్టినదో యనుకొంటిని.

మైకు నోటికి దగ్గరగా నుండవలెనని కూడ తేలెను. ఆరడుగుల దూరముననున్న ఫోను మాటలకంటె గది మారుమ్రోతనే ఎక్కువ పట్టెను. మరియొక ఫోనును బల్లమీది పూలకుండీ చాటున దాచి మాటలను దానిలో పట్టిరి. రెంటిని పిదప జత కూర్చుటకు వీలుగా ప్రతి దృశ్యమునకు ముందు ఒక్కమారు చప్పట్లు కొట్టిరి. ఎవరును మాటలాడక అర నిమిషము గది నిశ్శబ్దమును కూడ పట్టుకొనిరి. మాటల నడుమ ఖాళీలు వచ్చినపుడు ఆ నిశ్శబ్దము అతుకుగుడ్డవలె ఉపయోగపడునట.

పొంతన

ఒక దృశ్యమున తల్లి కుడిచేత చెంచా పట్టెను, తరువాతిదానిలో ఎడమచేత. ఒకదానిలో గాజులు రెండు, మరియొకదానిలో నాలుగు. చూచునపుడు తప్పేమో తెలియదు కాని మనసు ఎక్కడనో తడబడును. అందుచే ఒక పిల్లకు వేరే పని చెప్పక, ప్రతి దృశ్యము చివరను చేతులు, గాజులు, బొట్టు, పాత్రలోని నీటిమట్టము వ్రాసికొను పని యప్పగించిరి. తల్లి ఎడమవైపునను బిడ్డ కుడివైపునను కూర్చున్నట్లు మొదట చూపినచో, వారి నడుమ ఒక గీత యున్నదనుకొని కెమెరా ఆ గీతకు ఒకేవైపున నుండవలెను. గీత దాటినచో ఇద్దరును ఒకే దిక్కునకు చూచుచున్నట్లు కనబడుదురు. ఇది చదివి తెలిసికొన్న పిల్లలే, దాటి చూచినగాని నమ్మలేదు.

బిడ్డ

ప్రకటనలో బిడ్డగా నటించినవాడు ప్రక్కవాటా వారి నాలుగేండ్ల కుమారుడు. మొదటిమారు నవ్వుచు పండుకొనెను, రెండవమారు లేచి పరుగెత్తెను, అయిదవమారు ఏడ్చెను. “ఏడ్చుచున్నాడు గదా, ఇదే తీసికొందము, రోగిగా బాగుగా నుండును” అని ఒక పిల్ల తొందరపడెను. మిగిలినవారు ఒప్పుకొనలేదు. ఫోను క్రింద పెట్టి బిడ్డను తల్లికందించిరి. నాకది మిక్కిలి సంతోషము కలిగించెను. బిడ్డ అలసటను ఓర్చుకొని పనిచేయలేడు, ఓర్చుకొనవలసిన యక్కరయు వానికి లేదు. పసివారితో దృశ్యములు అరగంటలో ముగియవలెను. తల్లి ఎదుటనే యుండవలెను. మారుమారునకు మందునీరు త్రాగింపక ఉత్త మంచినీరే ఇయ్యవలెనని వారు పుస్తకమున వ్రాసికొనిరి.

కొలత

ఇంతవరకు చెప్పినవి యన్నియు చేతిపని పాఠములు. ఇవి తెలియకున్న ప్రకటన వికారముగా నుండును, అంతే. ఇక చెప్పబోవునది వేరు.

ఆ దినమున తీసినవానిలో మిక్కిలి అందమైన దృశ్యమొకటి యుండెను. పలుచని గాజుగ్లాసు, నిండ నీరు, వెనుకనుండి కిటికీ వెలుగు. తల్లి చేయి పొట్లమును చించి ఒంచగా, తెల్లని పొడి సన్నని పొగవలె నీటిలోనికి సుడులు తిరుగుచు దిగెను. చూచి అందరును చప్పట్లు చరచిరి. తీసిన పిల్ల ముఖము వెలిగెను. ప్రకటనకంతకు అదియే తలమానికమని నిర్ణయించుకొనిరి.

మధ్యాహ్నము రెండవ నియమము ననుసరించి, తీసినవానిని వరుసగా కూర్చి, మాటలు వినబడకుండ చేసి, మా యింట పనిచేయు నామెకు చూపిరి. ఆమె ముగ్గురు బిడ్డల తల్లి, చదువు లేదు. శ్రద్ధగా రెండుమార్లు చూచెను. ఏమి తెలిసినదని అడుగగా నిట్లు చెప్పెను.

“పిల్లోడికి యిరోచనాలైతే పొట్లం అంతా ఒక గలాసు నీళ్ళల్లో పోసి తాగించాలి. అంతేగదమ్మా?”

ఎవరును బదులు పలుకలేదు. ఆ పొట్లము ఒక లీటరు నీటిలో కలుపవలసినది. గ్లాసులో పట్టునది లీటరులో అయిదవ వంతు మాత్రమే.

“మాటలలో లీటరు అని చెప్పుచున్నాము గదా” అని ఒక పిల్ల మెల్లగా ననెను. “క్రింద అక్షరములు కూడ వేయుదము” అని మరియొకతె. అందుకు నా మేనకోడలు, “అక్షరములు చదువగలవారు పొట్లము మీదనే చదువుకొందురు. చదువలేనివారికే గదా మన ప్రకటన!” అనెను.

మాట యొకటి చెప్పి బొమ్మ వేరొకటి చూపినచో మనసున నిలుచునది బొమ్మయే. ఇదియే ఆ దినమున నేర్చిన పాఠములలో పెద్దది.

ఇందలి ప్రమాదమెట్టిదో మనమును తెలిసికొనవలెను. ఓ.ఆర్.ఎస్. మందు పొడిలో లేదు, కొలతలో నున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో నిర్ణయించిన పాళ్ళ ప్రకారము ఒక లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియము క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియము సిట్రేటు 2.9 గ్రాములు, వెరసి 20.5 గ్రాములు. ప్రేగు గోడ ఉప్పును గ్లూకోజును జతగా లోనికి తీసికొనును. వాని వెంట నీరు దేహములోనికి పోవును. పాళ్ళు కుదిరినపుడే ఈ పని జరుగును. నీరు తక్కువై ద్రావణము చిక్కబడినచో అది తానే దేహములోని నీటిని ప్రేగులోనికి లాగును, రక్తములో ఉప్పు హెచ్చును; విరేచనములు తగ్గుటకు మారుగ బిడ్డ మరింత వడలిపోవును. నీరు మితిమీరి పలుచబడినచో పోయిన లవణములు తిరిగిరావు.

ఈ కొలత విలువ ఎంతటిదో 1971లో లోకమునకు తెలిసెను. బంగ్లాదేశ యుద్ధకాలమున పశ్చిమ బెంగాలునందలి బన్‌గావ్ శిబిరములలో కాందిశీకులకు కలరా సోకెను. సూదిద్వారా ఎక్కించు సెలైను సీసాలు చాలకపోయెను. డాక్టరు దిలీప్ మహలనబీసుగారు ఉప్పు, వంటసోడా, గ్లూకోజులను తూచి పొట్లములు కట్టించి, కొలచిన నీటిలో కలిపించి, రోగుల బంధువుల చేతనే పట్టించిరి. నూటికి ముప్పదికి దగ్గరగా నున్న మరణములు నాలుగింటికి లోపునకు దిగెను. ఆయన 2022లో కీర్తిశేషులు కాగా 2023లో పద్మవిభూషణ బిరుదము ప్రకటింపబడెను. ఆ శిబిరములలో కలిపినవారును పట్టినవారును పెద్ద చదువులు చదివినవారు కారు. సరియైన కొలతను కన్నులతో చూచి నేర్చికొన్నవారు.

గాజుగ్లాసు దృశ్యము తీసిన పిల్ల చిన్నబుచ్చుకొనెను. అంత అందమైనదానిని విడుచుట ఎవరికైనను కష్టమే. కొంతసేపటికి ఆమెయే ఉపాయము చెప్పెను. అంగళ్ళలో దొరకు లీటరు నీళ్ళసీసాను ఎరుగని యిల్లు లేదు. ఆ సీసాను నిండుగ చూపి, అందలి కాచి చల్లార్చిన నీటినంతయు శుభ్రమైన గిన్నెలో ఒంపి, పొట్లము మొత్తము అందు వేసి కలుపవలెను. ఆ కలిపిన నీరే గాజుగ్లాసులోనికి కిటికీ వెలుగులో దిగవలెను. అందుండి చెంచాతో బిడ్డ నోటికి. అందమును మిగిలెను, కొలతయు నిలిచెను.

మందుల దుకాణమున 200 మిల్లీలీటర్లకు సరిపడు చిన్న పొట్లములు కూడ దొరకును. వానికి గ్లాసు నీరే సరి. కావున తల్లి పొట్లమును త్రిప్పి, దానిమీది కొలతను వ్రేలితో చూపు దృశ్యము నొకదానిని క్రొత్తగా చేర్చిరి. అందుకై తొమ్మిదింటిలో మరియొకటి తీసివేసిరి. సాయంకాలము మరల ఆ పనియామెకు మాటలు లేకుండ చూపిరి. “సీసాడు నీళ్ళకి ఒక పొట్లం. పొట్లం చిన్నదైతే నీళ్ళు వేరే, అడిగి తెలుసుకోవాలి” అనెను. అప్పుడుగాని పిల్లలు భోజనమునకు లేవలేదు.

ప్రకటన చూచు మనకు

అయిదుగురు విద్యార్థినులు మేలు చేయదలచి తీసిన ప్రకటనలోనే తెలియకుండ నింత తప్పు దొర్లగా, సరకు నమ్మదలచి తీసినవానిని మనమెంత జాగ్రత్తగా చూడవలెను! పండ్లరసము వంటి తియ్యని పానీయములు కొన్ని ‘ఓ.ఆర్.ఎస్.’ అను నక్షరములను పేరులో తగిలించుకొని చాలకాలము అమ్ముడుపోయినవి. వానిలో చక్కెర అధికము, లవణములు చాలవు. తల్లులు పేరును నమ్మి విరేచనములైన బిడ్డలకు వానినే పట్టించిరి. హైదరాబాదునందలి పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజనీ సంతోష్‌గారు దీనిపై ఏండ్ల తరబడి పోరాడిరి. తుదకు 2025 అక్టోబరులో మన దేశపు ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ అట్టి పానీయముల పేరులలో ఆ యక్షరములు వాడరాదని యుత్తరువు చేసెను. అంతకుముందు, ఇది వైద్యుల ఓ.ఆర్.ఎస్. కాదని డబ్బామీద ఒక మాట వ్రాసినచో ఆ పేరును వాడుకొనుటకు అనుమతి యుండెడిది. పేరు పెద్దదిగా పలుకుచుండగా ఆ చిన్న యక్షరముల మాట ఎవరి చెవిని పడును? మా వంటయింటి గ్లాసు కథయే పెద్ద బజారులో నడచినదన్నమాట.

చట్టమును లేకపోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మోసపుచ్చు ప్రకటనకు మొదటిమారు పది లక్షల రూపాయల వరకును, మరల చేసినచో ఏబది లక్షల వరకును జరిమానా విధింపవచ్చును. 2022 జూనులో వెలువడిన నియమముల ప్రకారము, ప్రకటన ఏ భాషలో చెప్పునో దాని షరతులును ఆ భాషలోనే యుండవలెను. అయినను చట్టము వచ్చులోపల ప్రకటన మన బిడ్డ కంట పడుచునే యుండును. కావున నేనొక్క అలవాటును సూచించెదను. ఏ ప్రకటననైనను ఒకమారు మాటలు కట్టివేసి చూడుడు. బొమ్మ ఒక్కటే ఏమి చెప్పుచున్నదో గమనింపుడు. పిదప మాటలతో చూడుడు. రెండును ఒకటే చెప్పుచున్నవా? చెప్పనిచో ఏది నిజము? ఈ పరీక్షకు చదువును ధనమును అక్కరలేదు.

ప్రస్తావము వచ్చినది గనుక ముఖ్యమైన కొన్ని మాటలు చెప్పి విరమించెదను. కలిపిన ఓ.ఆర్.ఎస్. నీటిని మూతపెట్టి 24 గంటలలోపలనే వాడి, మిగిలినది పారబోయవలెను. విరేచనమైన ప్రతిమారును రెండేండ్లలోపు బిడ్డకు 50 మొదలు 100 మిల్లీలీటర్ల వరకును, అంతకు పెద్దపిల్లలకు 100 మొదలు 200 వరకును కొంచెము కొంచెముగా పట్టవలెను. వాంతియైనచో పది నిమిషములు ఆగి, మరింత మెల్లగా నియ్యవలెను. చనుబాలను, మామూలు ఆహారమును మానిపింపరాదు. జింకు మాత్రలను వైద్యుని యడిగి 14 దినములు ఇయ్యవలెను. బిడ్డ త్రాగలేకున్నను, కన్నులు గుంటలు పడినను, మగతగా నున్నను, విరేచనమున రక్తము కనబడినను క్షణము జాగుచేయక వైద్యశాలకు పోవలెను.

మీ యింటి పిల్లలు ఇట్టి చిత్రణమునకై వంటయిల్లు అడిగినచో విసుగుకొనక ఇయ్యుడు. అభ్యాసమునకు ఒక దినము ఎక్కువ యడిగినచో మరింత సంతోషముతో నియ్యుడు. వారు తీసినదానిని మాటలు లేకుండ చూచి, మీకు తోచినది దాచక చెప్పుడు. అందము బాగున్నదని మెచ్చువారు ఎందరైనను దొరకుదురు. కొలత తప్పినదని చెప్పువారు ఇంటిలో ఒక్కరైనను ఉండవలెను.